చిరిగిపోయిన సగం పేజీ

మా బడి పిల్లలు తెలుగు వాచకం చదువుతుంటే రోడ్డు మీద పోయేవాళ్లు సైకిల్ ఆపి వినేవాళ్లు. అందులో నా గొప్ప కొంత ఉందని నేను నమ్మాను. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లు. అంత తక్కువ సర్వీసులో అంత నమ్మకం ఉండటం మామూలే.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే రోడ్డు మీద దిగి, కోళ్ల ఫారాల వాసన పట్టుకుని అర కిలోమీటరు నడిస్తే మా బడి వచ్చేది. రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు టీచర్లం. రెండో ఆయనకు ఎప్పుడూ ఏదో ఒక డ్యూటీ పడేది. ఓటర్ల లిస్టు అయితే జనాభా లెక్కలు, అవి అయితే పశువుల లెక్కలు. ఆయన ఊరంతటినీ లెక్కపెడుతుంటే నేను అయిదు తరగతుల్నీ కలిపి కూర్చోబెట్టి పాఠం చెప్పేవాణ్ణి. చెప్పడమంటే, నేను ఒక వాక్యం అంటే వాళ్లు అదే వాక్యం అనేవాళ్లు. బయట వింటే బ్రహ్మాండంగా ఉండేది.

నెలకోసారి చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ల ప్రాథమిక పాఠశాలల టీచర్లం ఒకచోట కూడేవాళ్లం. దాన్ని కాంప్లెక్స్ సమావేశం అనేవాళ్లు. ఒక్కో నెల ఒక్కో బడి వంతు. వంతు వచ్చిన టీచర్ తన పిల్లలకు ఒక పాఠం చెబుతాడు, మిగతావాళ్లం వెనక కూర్చుని చూస్తాం. తర్వాత చర్చ, ఆ తర్వాత సమోసా. చర్చలో ఒకరు పాఠం బాగుందంటారు, ఇంకొకరు చాలా బాగుందంటారు. నిష్పక్షపాతమైన విమర్శ ఏదైనా జరిగితే అది సమోసా గురించే.

ఈ సమావేశాలకు ఎవరూ రాసిపెట్టని మర్యాద ఒకటుండేది. వచ్చినవాళ్లు పిల్లల్ని సొంతంగా ఏమీ అడగకూడదు. చెప్పబోయే పాఠాన్ని వారం నుంచి పిల్లలతో సాధన చేయిస్తారని అందరికీ తెలుసు. ప్రశ్న సగంలో ఉండగానే ఇరవై చేతులు లేస్తే అందరం మెచ్చుకోలుగా తలలూపేవాళ్లం. ఈ నెల నేను నీ పిల్లల జోలికి రాను, వచ్చే నెల నువ్వు నా పిల్లల జోలికి రావు. ఎనిమిది బడులు ఇంత సఖ్యంగా ఉన్న విషయం ఇంకోటి లేదు.

దసరా సెలవులయ్యాక మా బడి వంతు వచ్చింది. నా పాఠం అనుకున్నట్టే సాగింది. నేను "ఎవరు చెబుతారు" అనకముందే జవాబు వచ్చేసింది. అప్పుడు వెనక నుంచి ఒక మేడమ్ లేచింది. కోస్తా వైపు కుటుంబం. కుత్బుల్లాపూర్ దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. రెండు బస్సులు మారి శామీర్‌పేట చెరువు పక్కనున్న ఒక ఊరి బడికి వచ్చేది. నాకంటే పదిహేనేళ్లు పెద్దదైనా నన్ను "మాస్టారూ" అనేది. మా వైపు ఎవరూ అలా పిలవరు. ఆమె పిలిచినప్పుడల్లా వెనక ఎవరైనా పెద్దమనిషి నిలబడ్డాడేమోనని తిరిగి చూసేవాణ్ణి.

ఆమె ముందు వరసలో ఉన్న అమ్మాయి దగ్గర ఆగింది. అయిదో తరగతి. తల్లి కోళ్ల ఫారంలో గుడ్లు ఏరే పని చేసేది. గొంతు బాగా లేస్తుందని ఆ అమ్మాయిని నేనే ముందు కూర్చోబెట్టాను. పంద్రాగస్టు నాడు ఊరందరి ముందు ఆమెతోనే వాచకం చదివించాను కూడా. తల్లి ఆ రోజు కొంగుతో కళ్లు తుడుచుకుంది. కోళ్ల మేత దుమ్ము పడిందని తర్వాత నాతో చెప్పింది. జెండా వందనానికి కోళ్ల మేత ఎక్కడిదని నేను అడగలేదు.

"ఏదీ తల్లీ, ఈ పేజీ చదువు," అంది మేడమ్.

అమ్మాయి లేచి నిలబడి గడగడ చదివింది. నేను ఎక్కడ ఊపిరి తీసుకుంటానో అక్కడ తీసుకుంది. నేను ఒక వాక్యం మధ్యలో దగ్గుతాను, అక్కడ ఆగింది. చదవడం అయిపోగానే పిల్లలంతా చప్పట్లు కొట్టారు, అదీ నేర్పిందే.

మేడమ్ పుస్తకం తీసుకుని నా దగ్గరకు వచ్చింది. ఎందరో అక్కల చేతులు, అన్నల చేతులు మారి వచ్చిన పుస్తకం అది. ఆ పేజీలో కింది సగం చిరిగిపోయి లేదు.

"మాస్టారూ, ఇక్కడ అక్షరాలు లేవండీ," అంది మెల్లగా.

"పాప కంటిచూపు మంచిది మేడమ్," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నా జోకుకు ఎవరూ నవ్వకపోవడం కొత్తేం కాదు. నాకే నవ్వు రాకపోవడం మాత్రం అదే మొదటిసారి.

మేడమ్ మళ్లీ అమ్మాయి దగ్గరకు వెళ్లి, ఆ పేజీలోనే పై సగంలో ఒక మాట మీద వేలు పెట్టి, ఇదేంటి అని అడిగింది. అమ్మాయి పెదవులు కదిలాయి. పాఠం మొదటి నుంచి లోలోపల చెప్పుకుంటూ, వేలు ఉన్న చోటుకు వచ్చి, మాట పైకి అంది. కరెక్టే. దిగాల్సిన స్టాపు ఎక్కడో తెలియక, ఎక్కిన దగ్గర్నుంచి స్టాపులు లెక్కపెట్టుకుంటూ వచ్చినట్టుంది.

నేను గోడకున్న గాంధీ బొమ్మ వైపు చూశాను. ఆయన ఎప్పటిలాగే నవ్వుతున్నాడు.

"మా బడిలోనూ ఇంతేనండి," అంది మేడమ్ అందరివైపు తిరిగి. "పోయిన వారమే కనిపెట్టాను. మీకు చెప్పడానికి సిగ్గేసింది. ఇక్కడ చూశాక కాస్త ధైర్యం వచ్చింది."

ఇలాంటి ధైర్యానికి నేను పనికొచ్చినందుకు సంతోషించాలో లేదో తేలలేదు. కానీ ఆమె చెప్పాక ఇంకో సార్ గొంతు సవరించుకున్నాడు, తర్వాత ఇంకొకాయన. సమోసాలు చల్లారేలోగా ఎనిమిది బడుల గుట్టూ బయటపడింది.

మా పిల్లలంతా ఆరో తరగతికి చేరే హైస్కూల్ హెడ్మాస్టరే ఈ సమావేశాలకు పెద్ద. మేం పెద్దసారు అనేవాళ్లం. ఆయన సమోసాల పళ్లెం పక్కకు జరిపాడు. "ఆరో తరగతిల చేరిన పోరలు దీపావళి దాటంగనే ఎందుకు బడి బందు జేస్తున్నరో ఇన్నేండ్లకు సమజైంది," అన్నాడు. తర్వాత ఆవేశం వచ్చి, లేచి, చెయ్యి ముందుకు చాపాడు. "అందరం ప్రతిజ్ఞ జేద్దాం. లేవుండ్రి."

"ప్రతిజ్ఞ గూడ మనకు కంఠస్థమే సార్," అన్నాను.

ఆయన చాపిన చేత్తోనే సమోసా తీసుకున్నాడు. "మరి ఏం జేద్దామో నువ్వే చెప్పు, మస్తు మాటలొస్తయి గదా."

నాకు మాటలే వస్తాయి. ఉపాయం చెప్పింది మేడమ్. ఎవరి పిల్లల్ని వాళ్లు పరీక్షించుకోకూడదు. ప్రతి బుధవారం మధ్యాహ్నం ఒక బడి టీచర్ ఇంకో బడికి వెళ్లి, వాచకంలో లేని పేజీ ఒకటి ఇచ్చి, పిల్లలు ఏ మేరకు చదువుతున్నారో చూడాలి. చూసిందాన్ని చూసినట్టు చెప్పాలి, "బాగుంది" అనే మాట వాడకూడదు. చివరి షరతు విని ఇద్దరు ముగ్గురు కలవరపడ్డారు. ఆ మాట లేకుండా వాళ్లు పదేళ్లుగా మాట్లాడలేదు.

ఒక్కొక్కరం ఒక పేజీ కథ రాసి, కార్బన్ పేపర్ పెట్టి కాపీలు తీసి పంచుకున్నాం. మూడు బుధవారాలు గడిచేసరికి ఎనిమిది ఊళ్లలోనూ పిల్లలు అద్భుతంగా చదవసాగారు. సంగతేమిటంటే, పక్కబడి టీచర్ ముందు పరువు పోతుందని, వచ్చే పేజీ ఏదో ముందే కనుక్కుని మేమంతా సాధన చేయించాం. నేనూ చేయించాను. నా కథను మేడమ్ బడి పిల్లలు నాకే అప్పజెప్పారు, నేను చేసిన తప్పుతో సహా.

తర్వాతి సమావేశంలో పెద్దసారు తల పట్టుకున్నాడు. "దొంగతనం బందు జెయ్యనీకి పెట్టుకున్న పోలీసోళ్లే గిట్ల జేస్తే ఎట్లనయ్యా?"

"అలవాటు సార్," అన్నాను. "కంఠస్థమైపోయింది."

ఈసారి మేడమ్ కూడా కోప్పడింది. "నవ్వులాటకి కాదు మాస్టారూ. ఏప్రిల్ దాకా అయిదు నెలలుంది. ఆ పిల్లలు వెళ్లిపోతే మళ్లీ మనకి దొరకరు."

అప్పుడు ఇంకో నియమం పెట్టుకున్నాం. ముందుగా పేజీలు రాయడం వద్దు. పరీక్షించడానికి వచ్చే టీచర్ ఆ రోజు దారిలో చూసింది అప్పటికప్పుడు బోర్డు మీద రాయాలి. అప్పుడు సాధన చేయించడానికి వీలుండదు, ఎందుకంటే బుధవారం దారిలో ఏం జరుగుతుందో మంగళవారం ఎవరికీ తెలియదు.

అలా మొదటి బుధవారం నేను మేడమ్ బడికి వెళ్లాను. అక్కడ చేపలు పట్టే కుటుంబాల పిల్లలు ఎక్కువ. దారిలో నాకు చెప్పుకోదగ్గదేమీ కనపడలేదు. అందుకని, "ఈ రోజు ఉదయం చెరువులో పెద్ద చేప వలలో పడింది" అని రాశాను. ఒక పిల్లవాడు వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, చివరిదాకా వెళ్లి, నావైపు తిరిగాడు.

"తప్పు రాసినవ్ సార్. గాలి ఎక్కువున్నది, ఇయ్యాల ఎవ్వలు వల ఎయ్యలే."

నా మాటను వాడు చదవడమే కాదు, అర్థం చేసుకుని అబద్ధమని తేల్చాడు. ఇంత మంచి ఫలితం ఇంకే బడిలోనూ రాలేదని సమావేశంలో చెప్పాను. అబద్ధం రాసినందుకు మేడమ్ నాకు సమోసా ఇవ్వలేదు.

మా బడికి ఆమె వచ్చేది. కోడిపిల్లల లారీ టైరు పేలిందనో, కండక్టర్ విజిల్ పోగొట్టుకుని రేకు కొడుతున్నాడనో రాసేది. మావాళ్లకు కండక్టర్ సంగతి ఏమైందో తెలుసుకోవాలంటే బోర్డు చదవక తప్పేది కాదు. మిగతా రోజుల్లో నేను వాక్యం చెప్పడం మానేశాను. చెప్పించుకోవడం మొదలుపెట్టాను. గది బయట సైకిళ్లు ఆగడం మానేశాయి. పది నిమిషాలకు మూడు వాక్యాలు వచ్చే చోట ఎవరాగుతారు.

ఆ అమ్మాయి అందరికంటే వెనకబడింది. వాచకం మొత్తం నోటికి వచ్చినందుకు ఆమెకు అక్షరాలతో అవసరమే పడలేదు. అందుకని మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమెను వరండాలో కూర్చోబెట్టేవాణ్ణి. ఒక వత్తు దగ్గర వారం రోజులు ఆగిపోయేది. రెండో వారం మళ్లీ అక్కడే మొదలుపెట్టేవాళ్లం. నాకు ఓపిక ఉందని అంతకుముందు నాకు తెలియదు. మా ఇంట్లోవాళ్లకు ఇప్పటికీ తెలియదు.

సంక్రాంతి సెలవులయ్యాక ఒక పొద్దున తల్లి నేరుగా తరగతిలోకి వచ్చింది. కొంగుకు ఇంకా ఈకలు అంటుకుని ఉన్నాయి.

"నా బిడ్డకు సదువు పోయింది సారూ," అంది.

ఎవరో ఎత్తుకుపోయినట్టు చెప్పింది. నేను వరండాలోకి వచ్చాను.

"పంద్రాగస్టుకు రైలు లెక్క సదివింది. ఊరంత ఇన్నరు. నిన్న మా ఆడబిడ్డ వస్తే, సదువే బిడ్డా అన్న. ఒక్కొక్క అక్షరం ఏరుతాంది, మేం గుడ్లు ఏరినట్టు. మా ఆడబిడ్డ ఒకటే నవ్వుడు. ఏం జేసినవ్ సారూ?"

"గిప్పుడే నేర్సుకుంటాందమ్మా," అన్నాను.

"గప్పుడు వచ్చింది గదా. వచ్చినదాన్ని మల్ల నేర్సుకునుడేంది?"

తమాషాగా ఏదో ఒకటి అనేసి పంపించడం నాకు చేతనవును. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె ఇంకో మాట అంది.

"జూన్‌ల పెద్దబడికి పంపుదామనుకున్న. ఫారం సేటు పిల్లను గూడ పనికి తోల్కరమ్మంటాండు. సదువొస్తది, పంప అని గట్టిగ చెప్పిన. గిట్లయితే ఏం మొఖం బెట్టుకొని చెప్పాలె? నా ఎంబడే తీస్కపోత."

వరండాలో చిన్న పిల్లలు ఎక్కాలు చెబుతున్నారు. నేను నేల చూపులు చూస్తూ చెప్పాను.

"పంద్రాగస్టుకు నీ బిడ్డకు సదువు రాదమ్మా. నేను చెప్పింది యాదికి పెట్టుకొని చెప్పింది, అంతే. పుస్తకంల లేని పేజీ గూడ చదివింది. గది నా తప్పు. గిప్పుడు చదివేదే నిజమైన సదువు. మెల్లగున్నది, కని నిజం."

ఆమె కొంగుకున్న ఈక ఒకటి పీకేసింది. "మరి గప్పుడు మార్కులు ఎందుకేసినవ్ సారూ?"

ఆ మార్కులు వేసిన పెన్ను ఇంకా నా జేబులోనే ఉంది.

"బడి బందయ్యే దాంక టైమియ్యి," అన్నాను. "గప్పటికి రాకుంటే నీ ఇష్టం."

"సూస్త," అంది. పోతూ పోతూ కిటికీలోంచి బిడ్డను చూసింది. బిడ్డ బోర్డు మీద ఒక అక్షరంతో గొడవపడుతోంది, తల్లిని చూడలేదు.

ఆ నెల సమావేశంలో ఈ సంగతి చెబితే, మిగతా ఊళ్లలోనూ ఇదే గొడవని తేలింది. కీసర వైపు నుంచి వచ్చే సార్ దగ్గరికి ఒక తండ్రి వచ్చి, మునుపటి చదువే చెప్పమని బతిమాలాడట. ఆపేద్దామా అని ఒకాయన అడిగాడు. పెద్దసారు ఈసారి లేవలేదు, చెయ్యి చాపలేదు. "ఆపేది లేదు," అన్నాడు, కూర్చునే. "తల్లిదండ్రులకు మనమే చెప్పాలె. ఒక్కరు పోతే ఇనరు, ఇద్దరిద్దరం పోదాం." ఆయన చేసిన ప్రసంగాల్లో అన్నిటికంటే చిన్నది అదే, పని జరిగింది కూడా దానివల్లే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బడి వదిలాక మేడమ్, నేను రెండు ఊళ్లలోనూ ఇల్లిల్లూ తిరిగి, మేం ఎంత బాగా మోసం చేశామో వివరించాం. చాలామంది టీ ఇచ్చారు. ఒకామె మాత్రం కుక్కను వదిలింది. ఆమె అందరికంటే బాగా అర్థం చేసుకుందని నా అనుమానం.

బడి చివరి రోజు మేడమ్ వచ్చి మా అయిదో తరగతికి ఆఖరి పరీక్ష పెట్టింది. పదకొండు మందిలో తొమ్మిది మంది చదివారు. ఇద్దరికి రాలేదు. ఆ ఇద్దరినీ వేసవిలో ఏం చేయాలో ఆమె అప్పుడే కాగితం మీద రాసుకుంది. అమ్మాయి తొమ్మిదిమందిలో ఉంది, అందరికంటే చివర, చెమటలు కక్కుతూ.

సాయంత్రం రోడ్డు మీద బస్సు కోసం నిలబడితే తల్లీబిడ్డా కనిపించారు. మేడ్చల్‌లో ఎవరో బంధువుల ఇంటికి పోతున్నారు. నేను ఉత్సాహంగా ఫలితం చెప్పాను. పక్క ఊరి మేడమ్ స్వయంగా పరీక్ష పెట్టిందని కూడా చెప్పాను.

"ఆ మేడమ్ గూడ నీ మనిషే గదా సారూ," అంది తల్లి. "గప్పుడు నువ్వు బాగున్నదంటివి. గిప్పుడు ఆమె బాగున్నదనె."

మేమెవరం ఆ మాట వాడమని చెప్పబోయి ఊరుకున్నాను. దూరంగా మలుపులో బస్సు కనపడింది.

"అగో, గా బస్సు మీద ఏం రాసున్నదో సదువు," అంది తల్లి బిడ్డతో. "గది నీ సారు రాయలే."

అమ్మాయి రోడ్డు అంచుకు వెళ్లింది. బస్సు దగ్గరకొస్తోంది. "మే..." అంది. తర్వాతి అక్షరం కింద వత్తు ఉంది. ఆ వత్తు దగ్గర వరండాలో ఎన్ని మధ్యాహ్నాలు గడిచాయో నాకు తెలుసు. మేడ్చల్ పోయే బస్సు మీద మేడ్చల్ అని ఉంటుందని ఊహించి చెప్పేసి ఉండొచ్చు. చెప్పలేదు. "డ... డకు చ..." అని వెతుక్కుంటోంది.

ఆ రోడ్డు మీద చెయ్యి ఎత్తితేనే బస్సు ఆపుతారు. నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను. తల్లి కూడా చెయ్యి ఎత్తలేదు. డ్రైవర్ వేగం తగ్గించి, మా ముగ్గురినీ చూసి, మాకు మతి చలించిందనుకున్నాడేమో, వెళ్లిపోయాడు.

"మేడ్చల్," అంది అమ్మాయి, బస్సు వెనక దుమ్ములో. "కింద చిన్నగ, వయా... వయా శామీర్‌పేట."

తల్లి నావైపు చూసింది. కింద చిన్నగా ఇంకో మాట ఉంటుందని ఆమెకు తెలియదు. ఇన్నేళ్లుగా ఆ బస్సు ఎక్కుతోంది.

"ఉన్నదా సారూ?"

"ఉన్నదమ్మా."

ఆమె సంచి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"మల్ల బస్సు గంటకు," అంది. "గంట ఉన్నది గదా. పా, బడి తాళం తీసి, పెద్దబడికి కావాల్సిన టీసీ రాసియ్యి."

ముగ్గురం వెనక్కి నడిచాం. టీసీ రాయడానికి పావుగంట చాలు. నేను పావుగంటలోనే రాశాను. కానీ దాన్ని తీసుకునే ముందు అందులో ఏముందో తాను చదువుతానని అమ్మాయి పట్టుబట్టింది. ప్రభుత్వ కాగితంలో వత్తులు లేని మాట ఒక్కటీ ఉండదు. తల్లి గడప మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ప్రతి మాటా విన్నది. "ప్రవర్తన సంతృప్తికరం" దగ్గరకొచ్చేసరికి రెండో బస్సు కూడా వెళ్లిపోయింది.